సమీకరణంలో పంక్తిభేదం

దసరా సెలవులకు మా అక్కయ్య కూతురు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. సెలవులన్న మాటే గాని, పుస్తకం నిండా లెక్కలిచ్చి మరీ పంపారు. ఒకనాటి మధ్యాహ్నం ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చొని చకచకా చేసుకుపోతూంటే ముచ్చటపడి తొంగిచూశాను. మొదటి లెక్క ఇది:

య/3 + 2 = 5

(పుస్తకంలో ఉన్నది ఇంగ్లీషు అక్షరమే. భాస్కరాచార్యుడి కాలానికే మనవాళ్ళు తెలియని రాశిని 'యావత్తావత్' అనీ, రాతలో సంక్షిప్తంగా 'యా' అనీ వ్యవహరించేవారు. ఆ గౌరవంతో ఈ టపాలో 'య' వాడుతున్నాను.)

మా మేనకోడలు చేసిన సాధన:

య + 2 = 15
య = 15 − 2
య = 13

"ఆ 3 ఎక్కడికి పోయిందమ్మా?" అన్నాను.

"అవతలకి పంపాను మామయ్యా. కింద ఉన్నది అవతలకి వెళ్తే పైకి వెళ్తుంది."

"మరి 2 సంగతి?"

"దాన్ని కూడా పంపాను కదా, తరువాతి వరుసలో! గుర్తు కూడా మార్చాను చూడు."

నిజమే. పంపవలసినవన్నీ పంపింది. మార్చవలసిన గుర్తు మార్చింది. తనకు ఉపదేశించిన సూత్రాల్లో ఏ ఒక్కదాన్నీ అతిక్రమించలేదు. అయినా జవాబు తప్పు. 13లో మూడోవంతు నాలుగు పైచిలుకు. దానికి రెండు కలిపితే ఆరు దాటుతుందే తప్ప అయిదు కాదు.

"ఈ 13 ఒప్పో తప్పో నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

ఆ పిల్ల నా వంక జాలిగా చూసి, "సెలవులయ్యాక సార్ టిక్కు పెడతారు కదా!" అంది.

ఈ టపా ఆ జవాబు గురించి.

*

ముందుగా నా నేరాన్ని ఒప్పుకొంటాను. డిగ్రీ చదివే రోజుల్లో చేతిఖర్చుల కోసం ట్యూషన్లు చెప్పాను. 'ఇవతలిది అవతలకి పోతే గుర్తు మారుతుంది' అన్న మంత్రాన్ని నేనూ ఉపదేశించాను. పిల్లలు గబగబా చేసేవారు, మార్కులు వచ్చేవి, తల్లిదండ్రులు సంతోషించేవారు, నెల తిరగకముందే డబ్బిచ్చేవారు. 'ఎందుకు మారుతుంది?' అని అడిగిన ఒకరిద్దరిని 'ముందు చేయి, తరువాత అదే తెలుస్తుంది' అని కూర్చోబెట్టాను. అదే తెలియదు. ఇన్నేళ్ళ తరువాత నా మేనకోడలి పుస్తకంలో నా పాపమే నాకు ఎదురైంది. కాబట్టి ఇది ఏ ఒక్క మాష్టారి మీదా ఫిర్యాదు కాదు. ఒక పద్ధతి మీద నా పోరు.

నా వాదం ఒక్క ముక్కలో చెబుతాను. సమీకరణ సాధనను మంత్రంగా నేర్పినప్పుడు మనం పిల్లల చేతిలోంచి లాగేసుకొంటున్నది కాస్త జ్ఞానం మాత్రమే కాదు, తీర్పు చెప్పుకొనే హక్కు. తాను చేసింది ఒప్పో తప్పో తనంతట తాను, ఎవరి దయా లేకుండా తేల్చుకోగల చోటు బడిచదువులో చాలా తక్కువ. సమీకరణం అటువంటి చోటు. అక్కడ కూడా పిల్ల మరొకరి టిక్కు కోసం ఎదురుచూస్తోందంటే మనం నేర్పింది గణితం కాదు, విధేయత.

*

సమీకరణమంటే ఏమిటి? అది ఒక వాక్యం. 'ఈ పక్షమూ ఆ పక్షమూ సమానం' అని చెప్పే వాక్యం. 1557లో రాబర్ట్ రెకార్డ్ అనే వెల్ష్ గణితజ్ఞుడు తన పుస్తకంలో సమానమనే మాటను పదే పదే రాయడానికి విసిగి, దాని బదులు రెండు సమాంతర రేఖలు గీశాడు. వాటికంటె సమానమైన వస్తువులు రెండు ఉండబోవని అందుకు ఆయన చెప్పిన కారణం. ఆనాటి నుంచి ఆ రెండు గీతలు మనకు అదే మాట చెబుతూనే ఉన్నాయి. మనమేమో ఆ గుర్తును 'జవాబు ఇక్కడ రాయుము' అనే బాణంగానో, దాటగానే వేషం మార్చుకోవలసిన సరిహద్దు గేటుగానో మార్చేశాం.

ఆ గేటు దగ్గర నిజానికి ఏదీ దాటడం లేదు. య + 6 = 15 అన్నప్పుడు ఆరు అవతలకి వెళ్ళి ముఖానికి మసి పూసుకొని −6 కావడం లేదు. ఇవతలి పక్షంలోంచి ఆరు తీశాం. తక్కెడ ఒరగకుండా అవతలి పక్షంలోంచీ ఆరు తీశాం. ఇవతల 6 − 6 సున్న అయి కనబడకుండా పోయింది. అవతల 15 − 6 మిగిలింది. చూసేవాడికి ఆరు గెంతినట్లు అనిపించింది. గారడీవాడి చేతిలో నాణెం గెంతినట్లే! గారడీ చూసి ఆనందించవచ్చు. దాన్నే భౌతికశాస్త్రమని పాఠం చెప్పకూడదు.

పాఠ్యపుస్తకాలను నేను తప్పుపట్టడం లేదు. తక్కెడ బొమ్మ చాలా పుస్తకాల్లో ఉంది. కాని బొమ్మకు దక్కేది ఒక పూట, మంత్రానికి దక్కేది ఏడాది పొడుగూ.

*

పూర్ణసంఖ్యలతో ఉన్నంత కాలం ఈ మంత్రం ఎలాగో నెట్టుకొస్తుంది. భిన్నాలు రాగానే దాని బండారం బయటపడుతుంది. మూడు చోట్ల.

మొదటిది మా మేనకోడలు చేసిందే. య/3 + 2 = 5లో హారం పోవాలంటే రెండు పక్షాలనూ 3తో గుణించాలి. పక్షాన్ని గుణించడమంటే ఆ పక్షంలోని ప్రతి పదాన్నీ గుణించడం. కాబట్టి య + 6 = 15; య = 9. తొమ్మిదిలో మూడోవంతు 3, రెండు కలిపితే 5. సరిపోయింది. పిల్ల చేసిన పొరపాటు, 3ను య/3కూ 5కూ వడ్డించి, నడుమ కూర్చున్న 2 విస్తరిని ఖాళీగా వదిలేయడం.

దీనికి మన భాషలో పేరుంది: పంక్తిభేదం. ఒకే బంతిలో కూర్చున్నవారిలో ఒకరికి వడ్డించి మరొకరికి వడ్డించకపోవడం. మన సమాజం బంతుల్లో ఎన్ని భేదాలు పాటించిందో తెలిసినవాళ్ళం కనుక ఆ మాటలోని అన్యాయం మనకు వివరించి చెప్పనక్కరలేదు. 'వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఒకటే' అని సామెత. సమీకరణంలో వడ్డించేవాడు ఎవడికీ బంధువు కాడు. భిన్నమైనా పూర్ణాంకమైనా, ముందున్నా వెనకున్నా, అందరికీ అదే గరిటె. 'కింద ఉన్నది అవతలకి వెళ్తే పైకి వెళ్తుంది' అన్న మంత్రం ఈ ధర్మాన్ని చెప్పదు సరికదా, దాన్ని కప్పిపుచ్చుతుంది. ఎందుకంటే ఆ మంత్రంలో పంక్తే లేదు, ప్రయాణమే ఉంది.

రెండోది అడ్డగుణకారం. య/2 + య/3 = 10 అని ఇస్తే చాలామంది పిల్లలు 2నూ 3నూ అడ్డంగా గుణించి 3య + 2య = 10 అంటారు, య = 2 అని గీత గీసేస్తారు. హారాలు ఏమయ్యాయంటే జవాబుండదు. అసలు అడ్డగుణకారం ఎక్కడిది? త్రైరాశికానిది. ఒక భిన్నం ఎదురుగా మరొక భిన్నం, నడుమ సమాన చిహ్నం, అంతే ఉన్నప్పుడు రెండు పక్షాలనూ రెండు హారాల లబ్ధంతో గుణిస్తే వచ్చే ఫలితానికి అది ముద్దుపేరు. నడుమ ఉన్నది కూడిక గుర్తయినప్పుడు అది చెల్లదు. ఏ షరతు మీద చెల్లుతుందో చెప్పకుండా సూత్రాన్ని అప్పగించడమంటే బ్రేకుల సంగతి చెప్పకుండా బండి తాళాలు అప్పగించడమే.

కొందరు పిల్లలు మరో దారి పడతారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి 2య/5 = 10 అంటారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి రొట్టెను తలచుకొంటే చాలు. అయిదింట రెండు వంతులు సగం కంటె తక్కువ. అంటే సగం రొట్టెకు మరో మూడోవంతు కలిపితే సగం కంటె తగ్గిందట! ఏ అమ్మమ్మా ఒప్పుకోని ఈ లెక్కను తరగతి గది ఒప్పుకొంటోంది, ఎందుకంటే అక్కడ భిన్నమంటే ఒక రాశి కాదు, గీతకు పైనొకటి కిందొకటి ఉన్న రెండు అంకెలు.

ఇది మన పిల్లల జబ్బు మాత్రమే కాదు. 1978లో అమెరికాలో జరిగిన జాతీయ మదింపులో పదమూడేళ్ళ పిల్లలను 12/13 + 7/8 ఉరమరగా ఎంతో చెప్పమన్నారు. ఇచ్చిన జవాబులు 1, 2, 19, 21. రెండు భిన్నాలూ ఒకటికి దగ్గరే కాబట్టి జవాబు 2. దాన్ని ఎంచుకొన్నవారు 24 శాతం. పైవి కూడి 19 అనో, కిందివి కూడి 21 అనో అన్నవారు సగానికి పైగా. కాగితం మీద కూడడం వచ్చు, కూడుతున్నదేమిటో తెలియదు. మంత్రం ఏ దేశంలోనైనా ఇదే ఫలమిస్తుంది.

య/2 + య/3 = 10కి సరైన దారి మూడు వరుసలు. 2, 3ల క.సా.గు. 6. పంక్తిలో అందరికీ ఆరు వడ్డిస్తే 3య + 2య = 60. య = 12. పన్నెండులో సగం 6, మూడోవంతు 4, మొత్తం 10.

మూడోది అన్నిటికంటె గడుసుది.

(య − 1)/2 − (య − 3)/3 = 1

ఆరుతో గుణించి పిల్లలు 3య − 3 − 2య − 6 = 6 అని రాస్తారు; య = 15 అంటారు. కాని 15ను తిరిగి పెట్టి చూస్తే 7 − 4 = 3 వస్తుంది, 1 రాదు. పొరపాటెక్కడ? భిన్నం గీత గీత మాత్రమే కాదు, అది కనబడని కుండలీకరణం. దాని మీద ఉన్నదంతా ఒకే మూట. మూట ముందు ఋణ చిహ్నం ఉంటే అది మూటలోని ప్రతి వస్తువుకూ వర్తిస్తుంది. కాబట్టి 3(య − 1) − 2(య − 3) = 6; 3య − 3 − 2య + 6 = 6; య = 3. తిరిగి పెడితే 2/2 − 0 = 1. ఇక్కడ కూడా తప్పు పంక్తిభేదమే. మూటలో మొదటివాడికి ఋణం అంటించి రెండోవాడిని వదిలేశాం.

*

'మన పూర్వులే సూత్రాలు చెప్పారు కదా, మంత్రంగా వల్లిస్తే తప్పేమిటి?' అనేవారున్నారు. ఆ పూర్వులు ఏమి చెప్పారో చూద్దాం.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో విలోమవిధి ఉంది. చివరి నుంచి వెనక్కి వస్తూ గుణించినచోట భాగించాలి, కలిపినచోట తీసివేయాలి. ఇది మన 'గుర్తు మారుతుంది'కి పూర్వరూపమని వాదించవచ్చు. కాని తేడా గమనించండి. అక్కడ చెప్పింది నడిచిన దారిలో వెనక్కి నడవమని. చివర వేసిన అడుగును ముందు వెనక్కి తీయాలి. య/3 + 2 = 5లో చివర చేసిన పని రెండు కలపడం. కాబట్టి ముందు రెండు తీసేస్తే 3 మిగులుతుంది. తరువాత మూడుతో గుణిస్తే 9. మా మేనకోడలు ఈ క్రమం పాటించినా గట్టెక్కేది. మంత్రంలో క్రమం లేదు. పైగా తెలియని రాశి రెండు మూడు చోట్ల కనబడితే వెనక్కి నడిచే దారే ఉండదు. అందుకు వేరే పద్ధతి కావాలి. ఆర్యభటుడు ఆ సంగతి ఎరిగినవాడే. ఇద్దరి సంపద సమానమైనప్పుడు తెలియని వస్తువు వెల కట్టే విధిని వేరుగా చెప్పాడు. అక్కడ పునాది ఇద్దరి సంపద సమానమనే వాక్యమే.

భిన్నాల విషయంలో తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు హారాలన్నిటికీ ఉమ్మడిగా చెల్లే కనిష్ఠ గుణిజాన్ని 'నిరుద్ధం' అన్నాడు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంవాడైన ఆయన గణితసారసంగ్రహాన్నే మన పావులూరి మల్లన సారసంగ్రహగణితంగా పద్యాల్లో తెనిగించాడు. మనకు పావులూరి గణితమని వాడుక. అంటే క.సా.గు. ముచ్చట మన భాషకు నిన్న మొన్న బడిలో పరిచయమైంది కాదు.

1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు తుమ్మెదల లెక్క ఒకటి ఇచ్చాడు. నా మాటల్లో చెబుతాను. ఒక తుమ్మెదల గుంపులో అయిదోవంతు కడిమిపూలకు, మూడోవంతు మరో పూలకు, ఆ రెండు వంతుల తేడాకు మూడింతలు కొండమల్లెలకు పోగా ఒక్క తుమ్మెద మాత్రం పరిమళాల నడుమ గాలిలో తిరుగుతూ మిగిలింది. గుంపులో ఎన్ని? సమీకరణం రాసి, పదిహేనుతో అందరికీ వడ్డిస్తే 3య + 5య + 6య + 15 = 15య. పద్నాలుగు 'య'లూ పదిహేనూ కలిసి పదిహేను 'య'లైతే, య = 15. ఆ ఒంటరి తుమ్మెద మొత్తం గుంపులో పదిహేనోవంతు. ఈ లెక్కను అర్థం చేసుకొన్న పిల్ల భిన్నాన్ని మరి మరచిపోదు. 'అవతలకి పంపు' అని చేసిన పిల్లకు తుమ్మెదలు కనబడవు.

మాటలే మనకు దారి చూపుతున్నాయి. భిన్నమంటే విరిగినది. అల్ ఖ్వారిజ్మీ తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది. లోటుపడిన పక్షాన్ని పూరించడం దాని అర్థం. విరిగిన ఎముకను సరిచేయడానికి కూడా అరబ్బీలో అదే మాట. స్పెయిన్‌లో ఒకప్పుడు ఎముకలు కట్టేవాణ్ణి అల్జెబ్రిస్తా అనేవారు. మనకు పుత్తూరు కట్టు తెలుసు. కట్టు కట్టేవాడు ముందు విరిగినచోటు తడిమి చూస్తాడు. ఏ ఎముక ఎక్కడ తప్పిందో తెలియకుండా కట్టు బిగిస్తే చేయి వంకరగా అతుకుతుంది. మన పిల్లల భిన్నాలు అలా వంకరగా అతుక్కొన్నవే.

మన యూనికోడ్ మిత్రులకు ఒక విషయం గుర్తుచేస్తాను. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో తెలుగు భిన్నాంకాలకు ఏడు సంకేతాలు చేరాయి. నాలుగో వంతులు, ఆ వంతుల్లో మళ్ళీ నాలుగో వంతులుగా సాగిన పాత లెక్కకు అవి గుర్తులు. పావు, అర, ముప్పావు, పదహారోవంతైన వీసం: ఇవి మన తాతల నాలుక మీద నిలిచిన రాశులు. 'వీసమెత్తు' అన్నప్పుడు వాళ్ళకు ఒక బరువు తెలిసేది. సంకేతాలను గణకయంత్రంలో భద్రపరచుకొన్నాం, సంతోషం. ఆ రాశిజ్ఞానాన్ని పిల్లల బుర్రల్లో భద్రపరచలేకపోయాం.

*

ఇక నాకు ఎదురయ్యే ఆక్షేపణలు.

'పోటీ పరీక్షల కాలం. వేగం కావాలి. అర్థాలు చెబుతూ కూర్చొంటే పుణ్యకాలం గడిచిపోతుంది.' పైన చేసిన లెక్కల్లో వరుసలు లెక్కపెట్టండి. అర్థంతో చేసిన సాధన మంత్రంతో చేసినదాని కంటె ఎక్కడా పొడుగు లేదు. అలవాటైన తరువాత ఎవరైనా మధ్య వరుసలు మనసులోనే దాటేస్తారు, నేనూ దాటేస్తాను. దారి తెలిసినవాడు అడ్డదారి తొక్కడం వేరు, దారే తెలియనివాణ్ణి అడ్డదారిలో తోలడం వేరు.

'ఎక్కాలు బట్టీ పట్టడం లేదా?' పట్టాలి. నేను ఎక్కాలకు శత్రువును కాను. ఏడెనిమిదులు యాభయ్యారన్నది ఎక్కడైనా, ఎప్పుడైనా నిజం. 'అవతలకి పోతే గుర్తు మారుతుంది' అన్నది అలాంటి నిజం కాదు. గుణకం అవతలకి పోతే గుర్తు మారదు, భాజకమవుతుంది. −3య = 12 అని ఇస్తే మూడు అవతలకి పోయి +3 అయిందని 12/3 రాసే పిల్లలను చూశాను. మంత్రాన్ని నమ్మారు, మునిగారు. నిజాన్ని బట్టీ పట్టవచ్చు, షరతు తెగిపోయిన అర్ధసత్యాన్ని బట్టీ పట్టకూడదు.

'ఇప్పుడు ఫోను కెమెరా లెక్క వైపు తిప్పితే అదే సాధన చూపిస్తోంది. ఇంకా ఈ గొడవెందుకు?' అందుకే ఈ గొడవ. జవాబు రాబట్టే పని యంత్రానికి చేతనయినప్పుడు మనిషికి మిగిలేవి రెండు: బతుకులోని చిక్కును సమీకరణంగా రాయడం, వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చడం. మంత్రం ఈ రెండూ నేర్పదు. యంత్రం చేయగల పనినే, యంత్రం కంటె నెమ్మదిగా, తప్పులతో చేయడం నేర్పుతుంది.

*

తీర్పు హక్కు అన్నాను. దాన్ని కాస్త వివరిస్తాను. ఒక రాజు ఏ ఏట సింహాసనమెక్కాడో పిల్ల తనంతట తాను తేల్చలేదు, పుస్తకాన్ని నమ్మాలి. కాని సమీకరణంలో ప్రశ్నే జవాబుకు సాక్షి. వచ్చిన విలువను తిరిగి పెట్టి చూడు, రెండు పక్షాలూ కలిస్తే ఒప్పు, కలవకపోతే తప్పు. మాష్టారు కాదన్నా ఒప్పు ఒప్పే. అచ్చుపుస్తకం వెనక పేజీలో మరోటి ఉన్నా ఒప్పు ఒప్పే. పన్నెండేళ్ళ పిల్లకు ఇంతటి అధికారాన్ని ఇచ్చే విషయం మరొకటి నాకు కనబడలేదు. ఆ అధికారాన్ని మనం 'సరిచూచుట: ఒక మార్కు' అని పరీక్షపత్రం అంచుకు నెట్టేశాం. మార్కు లేనినాడు దాన్నీ వదిలేశాం.

సరిచూడడం అలంకారం కాదనడానికి ఒక్క లెక్క చాలు.

య/(య − 2) + 3 = 2/(య − 2)

రెండు పక్షాలనూ (య − 2)తో గుణిస్తే య + 3(య − 2) = 2. అంటే 4య = 8, య = 2. పంక్తిభేదం లేదు, గుర్తు పొరపాటు లేదు, ప్రతి అడుగూ చక్కగా పడింది. కాని 2ను తిరిగి పెట్టి చూడండి. హారం సున్న అయింది! సున్నతో భాగహారం లేదు కాబట్టి అసలు వాక్యానికే అర్థం పోయింది. ఈ సమీకరణానికి సాధనే లేదు. సున్న కాగల రాశితో రెండు పక్షాలనూ గుణించినప్పుడే మనం ప్రమాదాన్ని ఆహ్వానించాం. మంత్రంతో చేసినవాడు య = 2 అని రాసి, కింద రెండు గీతలు గీసి, టిక్కు కోసం చూస్తాడు. సరిచూసినవాడు మాత్రమే నిజం కనుక్కొంటాడు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. మీ ఇంట్లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలుంటే మూడు పనులు చేయండి. 'పంపు', 'తెచ్చు', 'దాటించు' అన్న క్రియలను కొన్నాళ్ళు నిషేధించి 'రెండు పక్షాలకూ కలుపు, రెండు పక్షాల నుంచీ తీసేయి, రెండు పక్షాలనూ గుణించు' అనే మాటలే వాడించండి. భిన్నాలు కనబడగానే క.సా.గు. తీయించి, ప్రతి పదం మీదా వేలు పెట్టిస్తూ 'వీడికి వడ్డించావా?' అని అడగండి. చివరగా, జవాబు ఒప్పా అని పిల్లలడిగితే చెప్పకండి. చెప్పాలని నోటిదాకా వస్తుంది. అయినా చెప్పకండి.

మా మేనకోడలి విషయంలో నేను చేసింది అంతే. మొదటి రెండు రోజులూ నా మీద కోపగించుకొంది. "చెప్తే నీ సొమ్మేం పోతుంది మామయ్యా?" అంది. మూడోనాడు తుమ్మెదల లెక్క ఇచ్చి, పేపరు చదువుకొంటున్నట్లు నటిస్తూ కూర్చొన్నాను. చాలాసేపు కొట్టివేతలు వినబడ్డాయి. తరువాత వేళ్ళమీద లెక్క వినబడింది: మూడు, అయిదు, ఆరు, ఒకటి... పదిహేను. పుస్తకం మూసి, నన్నేమీ అడగకుండా ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

సెలవులయ్యాక బడిలో పాత మంత్రమే మళ్ళీ వినబడుతుందని నాకు తెలుసు. మూడు రోజుల నా చదువు ఏడాది పొడుగునా సాగే వల్లెవేతకు ఎదురు నిలుస్తుందో లేదో తెలియదు. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను. ఈ పద్ధతిని సమర్థించేవారు మీలో ఉంటే రండి, వాదించుకొందాం. ఒక్క షరతు: 'గుర్తు ఎందుకు మారుతుంది?' అని ఒక పిల్ల అడిగినట్లు ఊహించుకొని, ఆ పిల్లకు చెప్పే జవాబుతో మొదలుపెట్టండి.